నిప్పురవ్వ చూస్తే గాని

సనత్‌నగర్‌లో పంపుసెట్ల స్టార్టర్లు చేసే ఓ చిన్న కార్ఖానాలో బాబూ మియా ముప్పై ఒక్క ఏళ్లుగా వైరింగ్ పని చేస్తున్నాడు. ఆయన కరెంటు చూసే మీటరు ముట్టడు. రెండు వైర్ల కొసలు ఒకదానికొకటి రాస్తాడు. చిటుక్కున నిప్పురవ్వ కనపడితే కరెంటు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అంతే ఆయన శాస్త్రం. ఇన్నేళ్లూ దానికి ఎవరూ వంక పెట్టలేదు.

ఈ ఏడాది స్టార్టర్లలోకి మైక్రోకంట్రోలర్ వచ్చి కూర్చుంది. అగ్గిపెట్టెంత బోర్డు, మనం రాసిచ్చిన ప్రకారం మోటారును తిప్పుతుంది, ఆపుతుంది. యజమాని రాఘవేందర్ మొహమాటపడుతూనే చెప్పాడు.

"బాబూ మియా, అమీర్‌పేటల ఆదివారాలు గిది ఉత్తగనే నేర్పుతున్నరట. ఆఖరి వారం నేనొస్త. బోర్డుతోని మోటారు తిప్పి చూపెట్టు, నీ జాగ నీదే. లేకుంటే వేరేటోళ్లను పెట్టుకోక తప్పది."

యాభై ఎనిమిదేళ్ల మనిషి కాలేజీ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చున్నాడు పాపం. నేర్పే అమ్మాయి యుస్రాకు ఓపిక ఎక్కువ. మొదటి వారం బోర్డు మీద చిన్న దీపం మిణుకుమంటే, ఇంటికెళ్లి భార్య ఇమామ్ బీకి పదిసార్లు చెప్పుకున్నాడు.

ఆఖరి ఆదివారం మోటారు తిరగలేదు. పంజాగుట్ట దాటాను, వచ్చేస్తున్నానని రాఘవేందర్ ఫోన్ చేశాడు.

"చాచా, ఆగండి, మీటరు పెట్టి చూద్దాం" అంటూ యుస్రా వచ్చేలోపే, బాబూ మియా మోటారుకిచ్చే పన్నెండు వోల్టుల వైరు పీకి బోర్డుకు రాశాడు. రవ్వ వచ్చింది, వెనకే సన్నటి పొగ. ఐదు వోల్టులతో బతికే బోర్డు అక్కడికక్కడే చచ్చింది.

"గీ ఒక్క వైరే లూజైంది చాచా" అని యుస్రా చూపించింది. తిట్టినా బాగుండేది. ఇంకో బోర్డు తెచ్చి ముందు పెట్టింది. బాబూ మియా వైర్లన్నీ జాగ్రత్తగా బిగించాడు. బిగించిన చెయ్యే మళ్లీ ఆ పన్నెండు వోల్టుల వైరు పీకి, కొసను బోర్డు మీదికి తీసుకుపోతోంది.

"చాచా!" యుస్రా ఆయన మణికట్టు పట్టుకుంది.

తన చెయ్యి చూస్తే తనకే భయమేసింది. గుమ్మంలో రాఘవేందర్ నిలబడి ఉన్నాడు.

"సార్, దిమాక్‌కు సమజైతుంది. చేతులే ఇంటలేవు" అన్నాడు బాబూ మియా.

"ఈ నెలాఖరు దాంక రా" అన్నాడు రాఘవేందర్, వేరే దిక్కు చూస్తూ.

బోరబండలో ఇంటికొచ్చేసరికి ఫ్యాను ఆగిపోయి ఉంది. ఇమామ్ బీ విసనకర్రతో విసురుకుంటోంది. స్విచ్చుబోర్డు విప్పి వైర్ల కొసలు రాశాడు. రవ్వ వచ్చింది. ఊడిన వైరు మెలిపెట్టి బిగించగానే ఫ్యాను గిర్రున తిరిగింది.

"మీరుండంగ నాకేం ఫికర్" అంది ఇమామ్ బీ.

బాబూ మియా అక్కడే కూలబడి ఏడ్చేశాడు. ఆమె కంగారుగా చెయ్యి అందుకుంది.

"కరెంట్ కొట్టిందా ఏంది?"

కొట్టిందన్నాడు.