ఎడమ చెప్పు అరుగుదల

చిన్నస్వామి ఉద్యోగం నడవడం. నవ్వకండి, దానికీ జీతమిచ్చేవారు. పందొమ్మిదివందల యాభై అయిదులో, మద్రాసులో ఒక తోళ్ళ పరిశోధనశాల కొత్తరకం తోలుతో చెప్పులు కుట్టించి అతనికి తొడిగేది. రోజూ వ్యాసర్పాడిలో బయలుదేరి మాధవరం దాకా నడిచి రావాలి. శనివారం శనివారం భాష్యం అనే ఆఫీసరు చెప్పుల అడుగు మందం కొలిచి, ఎంత అరిగిందో రాసుకునేవాడు. చెప్పులకేసి తప్ప మనిషి మొహంకేసి చూసే అలవాటు ఆయనకు లేదు.

ఇంట్లోనూ చూసేవాళ్ళు లేరు. భార్య సీతాలక్ష్మి ఉన్నన్నాళ్ళూ, వీధిలో అడుగుల చప్పుడు వినే "ఈ పొద్దు శానా అలిసినావే" అనేది. ఆమె పోయి మూడేళ్ళు.

ఒక శనివారం భాష్యం తలెత్తాడు.

"ఏమయ్యా, ఎడమ చెప్పు అరిగేది తగ్గిపోయిందే. కాలేమన్నా నొస్తా ఉందా?"

మూడేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. చిన్నస్వామికి ఎడమ మోకాలు నొస్తూనే ఉంది. నొచ్చే కాలిమీద ఎవరు బరువు మోపుతారు? కానీ కుంటే మనిషి ఈ పనికి పనికిరాడు.

"లేదు సార్. బాగుండాను."

సోమవారం నుంచి పళ్ళు బిగించి, ఎడమకాలే గట్టిగా మోపి నడిచాడు. నెల తిరిగేసరికి రెండు చెప్పులూ సమంగా అరిగాయి.

"ఆఁ, సరిపోయింది," అంటూ భాష్యం రాసుకున్నాడు.

చిన్నస్వామి కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆయన మళ్ళీ తలెత్తలేదు.