షాంపూ ప్యాకెట్ల చీర

విశాఖపట్నంలో చిత్రకళ చదివి వచ్చాక నర్సీపట్నంలో నా మొదటి ప్రదర్శన పెట్టాను. గ్యాలరీ అంటే, మూతపడిన ఒక రెడీమేడ్ షాపు మీది హాలు. నాతో చదివిన స్నేహితురాలు సబ్బుల ప్రకటనల్లోని నవ్వు ముఖాలను పెద్దగా వేసి, ఆ ముఖాలన్నిటికీ ముందరి పళ్ళు తీసేసింది. నేను ఖాళీ షాంపూ ప్యాకెట్లను కలిపి చీరగా కుట్టి, షాపువాళ్ళు వదిలేసిన బొమ్మకు కట్టాను. పక్కన కార్డు మీద ‘కొనుగోలు దేహం’ అని రాశాను. అప్పట్లో అలాంటి మాటలు రాస్తే నాకు గొప్పగా ఉండేది.

మొదటిరోజు ఉదయం గొలుగొండ నుంచి మా మేనత్త షేర్ ఆటోలో వచ్చింది. ఆ ప్యాకెట్లలో సగం ఆవిడ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి పోగుచేసినవే. వస్తూనే చీర కొంగు పట్టుకుని నలిపింది. వేళ్ళకు షాంపూ అంటుకుంది.

“ఏటే, కడక్కుండానే కుట్టేసినావా?”

“కడిగేనత్తా.”

“ఏటి కడిగినావు? జిడ్డు సూడు. పెద్దమనుషులొస్తారు, బాగోదు.”

విశాఖపట్నం నుంచి ఒక గ్యాలరీ యజమాని వస్తున్నారని నేను కిందికి దిగాను. ఆయన్ని వెంటబెట్టుకుని పైకి వచ్చేసరికి హాలంతా మోకాలెత్తు నురగ. అత్త బకెట్టుతో నీళ్ళు కుమ్మరిస్తూ కొబ్బరిపీచుతో చీరను తోముతోంది. బొమ్మ చెయ్యి ఒకటి ఊడివస్తే చంకలో ఇరికించుకుని మరీ తోముతోంది. నా స్నేహితురాలు కుర్చీ ఎక్కి, తన బోసి నవ్వులను ఒక్కొక్కటిగా పై మేకులకు మారుస్తోంది.

యజమాని బూట్లు విప్పి గుమ్మం దగ్గర భక్తిగా నిలబడ్డారు.

“ఇది ఎంతసేపు సాగుతుందండీ?” అని అత్తనే అడిగారు.

“జిడ్డు ఒదిలీదాకా బాబూ. ఆ మూల బకెట్టు బేగి అందుకో.”

ఆయన ప్యాంటు మడిచి బకెట్టు అందించారు. తర్వాత నా వైపు తిరిగి, దీని వెనక ఆలోచన ఏమిటని అడిగారు. “జిడ్డండీ” అన్నాను. డైరీ తీసి రాసుకున్నారు.

మరుసటి నెల ఆ చీర ఉతకడాన్నే ప్రదర్శనగా పెట్టమని మమ్మల్ని తన గ్యాలరీకి పిలిచారు. ఆహ్వానపత్రికలో అత్త పేరు పైన, నా పేరు కింద. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. అత్త అడిగిందల్లా కూర్చోవడానికి ఒక పీట.

అక్కడ మొదటిరోజు అంతా బాగానే నడిచింది. రెండోరోజు చీర నురగ ఇవ్వలేదు. ఒక గ్యాలరీ ఉద్యోగి కొత్త షాంపూ సీసా తెచ్చి పొయ్యబోతే అత్త ఆపింది.

“ఉతికిందే మళ్ళీ ఉతకమంటారేటి? తోటలో జీడిపిక్కలు రాలిపోతన్నాయి నాకు.”

మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయింది. మిగిలిన మూడు రోజులూ పీట మీద కూర్చుని నేనే తోమాను. చూడవచ్చిన ఒకావిడ కాసేపు నిలబడి, కుచ్చిళ్ళ దగ్గర పీచు సరిగా పడటం లేదని చెప్పి వెళ్ళింది.