పెన్నలో చెలమ, ప్రొద్దుటూరులో బోరు

మా చిన్నప్పుడు... ఎండాకాలం వచ్చిందంటే తెల్లారేసరికి అమ్మ, పక్కింటి ఖాజాబీ అత్త బిందెలు చంకన పెట్టుకుని పెన్నలోకి దిగేవాళ్లు. వెనకాలే సత్తు చెంబు పట్టుకుని నేను...

జమ్మలమడుగు దగ్గర ఏటిగట్టు పల్లె మాది. ఆ రోజుల్లో ఏట్లో నీళ్లు కనపడవు, అంతా ఇసుకే. ఆ ఇసుకలో మోకాటి లోతు గుంత తీస్తే చాలు, చల్లటి నీళ్లు ఊరేవి. దాన్నే చెలమ అంటాం.

చెలమకు ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు తీసినా అది అందరిదీ. కానీ బిందె నిండగానే లేచిపోకూడదు... అడుగున పేరుకున్న ఇసుకను చెంబుతో తీసిపోసి, తర్వాత వచ్చేవాళ్లకు నీళ్లు ఊరేలా చేసి రావాలి.

ఒకసారి ఆ పని ఎగ్గొట్టి పరుగెత్తబోతే ఖాజాబీ అత్త నా చొక్కా పట్టుకుని ఆపింది.

"యాడికి పోతాండావురా? అడుగు తీసి పో. మళ్లొచ్చేటోళ్లు యాడ ముంచుకోవల్ల?"

తర్వాత వానలు మొహం చాటేశాయి. పల్లెకు పల్లే ప్రొద్దుటూరు దారి పట్టింది. మేమూ వెళ్లాం. అత్త వాళ్లు పట్టుబట్టి మరీ మా పక్క స్థలమే కొన్నారు. అందరి ఇళ్లకూ ఇసుక ఎక్కడిదనుకున్నారు? మా పెన్నదే... ట్రాక్టర్లకు ట్రాక్టర్లు తోలారు. ఇసుకే పోయాక ఇంక చెలమ ఎక్కడ తీస్తారు, బంకమట్టిలోనా?

ఇక్కడేమో బోర్లు. మేం వేయిస్తే వాళ్లది ఎండింది. వాళ్లు ఇంకా లోతుకు వేయిస్తే మాది ఎండింది. మళ్లీ మేము... వీధంతా ఇదే పిచ్చి. గోడకు అటొకరు ఇటొకరు నిలబడి అరుచుకున్న రోజు నుంచి అమ్మకూ అత్తకూ మాటల్లేవు.

ఇప్పుడు రెండిళ్లకూ ఒకే ఆటో నీళ్ల క్యాన్లు దించి పోతుంది. ఇద్దరూ చెరో గేటు దగ్గరికి వస్తారు, మొహాలు తిప్పుకుని క్యాన్లు లోపలికి దొర్లించుకుంటారు. చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఎవర్ని తిట్టాలో తెలియక ఇంకా మండుతుంది.

మొన్న ఉండబట్టలేక అమ్మతో అన్నాను, నువ్వే ఒకసారి పలకరించవచ్చు కదా అని.

"చెలమయింటే అడుగు తీసిపెట్టి వచ్చేదాన్ని నాయనా. ఈ బోరుకు ఏం తీసిపెట్టల్ల?"



మీ ఊరి ఏట్లో ఇంకా ఎవరైనా చెలమ తీస్తుంటే కాస్త చెప్పండి. వీళ్లిద్దర్నీ చెరో బిందెతో ఒకే ఆటో ఎక్కించి తీసుకొస్తాను.