బోరు మోటారుకిచ్చిన నంబరు

మా ఆయన ఫోను నంబరు ఇప్పుడు పొలంలో ఉంది. బోరు పక్కన స్టార్టరు డబ్బాలో, పైన ఎరువుల సంచి కప్పుకొని.

ఆయన పోయాక పొలం కౌలుకిచ్చాను. తీసుకున్న రైతు ఈ ఊరివాడే, నాకు కొడుకు వరస. ఒకరోజు వచ్చి కూర్చున్నాడు.

"నరసరావుపేట నుంచి సెల్ స్టార్టరు తెస్తన్నా పెద్దమ్మా. ఇంట్లో కూకొని ఫోన్ జేస్తే మోటారు తిరుగుద్ది. దాంట్లోకి ఒక సిమ్ము గావాల. పెదనాయనది ఊరికే పడుంది గదా?"

ఇవ్వడానికి మనసొప్పలేదు. కానీ ఊరికే పడున్న వస్తువంటే ఆయనకు గిట్టేది కాదు. తెగిన సైకిలు ట్యూబుతో నిచ్చెన మెట్లు బిగించుకున్న మనిషి. తీసి ఇచ్చాను.

నాకు అప్పటికి చదువు రాదు. ఫోన్లో మొదటి వరసలో ఉండేది ఆయన, అంతే తెలుసు. మా ఇద్దరికీ రింగులే మాటలు. పొలం నుంచి ఒక్క రింగిచ్చి ఆపేస్తే అన్నం తెమ్మని. పొద్దుగూకినా రాకపోతే నేను చేసేదాన్ని. ఆయన ఎత్తకుండా కట్ చేసేవాడు. కట్ చేశాడంటే బయల్దేరాడని. నేను లేచి స్నానానికి పొయ్యి మీద నీళ్ళు పెట్టేదాన్ని. గోడ అవతల ఉండే ఆవిడ ఈ సంబడం చూసి మమ్మల్ని ఎప్పుడూ ఆటపట్టించేది.

ఆయన పోయిన ఏడాది పొదుపు సంఘం వాళ్ళు బడి వరండాలో పెద్దవాళ్ళకు చదువు చెప్పారు. ఇంట్లో తోచక వెళ్ళాను. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక ఫోను తీసి ఆ మొదటి వరస చదివాను. 'నాన్న' అని ఉంది. ఫోను కొనిచ్చిన రోజు మా అమ్మాయి తనకు అలవాటైన పేరే పెట్టింది. ఇన్నేళ్ళూ దాని మీదే వేలు పెట్టి ఆయన్ని పిలిచాను.

చదివాక ఊరుకోలేక నొక్కాను. రెండు రింగుల తర్వాత ఎవరో ఆడమనిషి గొంతు. "కరెంటు ఉంది. మోటారు ఆగి ఉంది. ఆన్ చేయడానికి ఒకటి నొక్కండి." తను ఊళ్ళో లేనప్పుడు నన్ను మోటారు వేయమని కౌలు రైతు నా నంబరు కూడా డబ్బాలో ఎక్కించాడు. నేను ఏమీ నొక్కలేదు. విని పెట్టేశాను. మర్నాడు సాయంత్రం మళ్ళీ చేశాను. తర్వాత అలవాటైపోయింది.

గోడ అవతలి ఆవిడ కనిపెట్టేసింది.

"వదినా, అన్నయ్యనడుగు, పొలాలకి కరెంటొచ్చిందేమో. మా ఆయన ఇంట్లో కూకొని ఒకటే నస."

"లేదంట."

"చచ్చినా పొలం ఇడిచిపెట్టలేదు, మహానుభావుడు!"

ఆవిడ నవ్వేది. నాకూ నవ్వొచ్చేది.

మిరప ఆఖరి కోత అయిపోయింది. తోటకు ఇక తడి అక్కర్లేదు. ఎప్పుడు చేసినా మోటారు ఆగి ఉందనే గొంతు. వినీ వినీ ఒక సాయంత్రం ఒకటి నొక్కాను. ఇంకో మాట వినాలనిపించింది. "మోటారు నడుస్తోంది" అంది. ఫోను చెవి దగ్గర పెట్టుకొని కాసేపు అట్లాగే కూర్చున్నాను. తర్వాత ఆపాను.

పొద్దున్నే కౌలు రైతు దోసిట్లో తడి మిరపకాయలతో వచ్చాడు.

"మోటారెవురేశారు పెద్దమ్మా?"

"నేనే."

"ఎందుకు?"

"ఊరికే."

"పైపు కల్లం పక్కనే పడుంది. ఎండబోసిన కాయలు ఓ వార అంతా నానినయ్. ఇంక తాలుగాయల్లో కలిపి సగం ధరకి అమ్మాల్సిందే." చేతిలోవి అరుగు మీద పోశాడు. "నీ నంబరు తీసేస్తా. ఏమనుకోబాక."

"ఇంక నొక్కనురా. ఎత్తి మాట్లాడనియ్యి, చాలు."

"అది మిషను పెద్దమ్మా. నంబరుంటే ఎత్తుద్ది, లేకపోతే లేదు. ఇనేవరకే అంటే దానికేం తెలుసు?"

నా ముందే తీసేశాడు. తప్పు పట్టడానికి లేదు. ఏడాది కష్టం అతనిది.

కొన్నాళ్ళు ఫోను ముట్టలేదు. సాయంత్రాలు ఇల్లు మరీ పెద్దదైపోయింది. ఒకరోజు ఉండబట్టక చేశాను. ఒక్క రింగు మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే.

"ఏమంటన్నాడొదినా, కరెంటుందంటనా?" గోడ మీద నుంచి ఆవిడ.

"ఎత్తట్లా. కట్ చేస్తన్నాడు."

"అయితే బయల్దేరాడన్నమాటే" అంది. అనేసి నాలుక కరుచుకుంది.

ఇద్దరం నవ్వలేదు. ఆవిడ గోడ చుట్టూ తిరిగొచ్చి అరుగు మీద నా పక్కన కూర్చుంది. ఆరోజు పోసిన తడి కాయలు ఎండిపోయి ఇంకా అక్కడే ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి తొడిమ తుంచసాగింది.

నేను లేచి వెళ్ళి పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. టీకి అనుకుంది ఆవిడ. టీయే పెట్టాను.