ఏరు దాటిన కోడలు

నిన్న కూతురితో కలిసి శెనక్కాయలు ఒలుస్తుంటే, ఆ మట్టి వాసనకి రూపనగుడిలోని మా అవ్వ మీద పాత కోపం మళ్లీ లేచింది.

అవ్వ కాయలు ఒలుస్తూనే కథ చెప్పేది. గంప ఖాళీ అయితే కథ ఎక్కడున్నా ఆపేసేది. ఆ రోజు అత్తతో పోట్లాడిన కోడలు ఇల్లొదిలి ఏట్లోకి దిగేసరికి గంప అడుగు కనబడింది. నేను పరుగెత్తి, మూలనున్న సంచిలోంచి కాయలు తెచ్చి కుమ్మరించాను. కోడలు ఏరు దాటింది. ఇంతలో నాయన వచ్చాడు.

“విత్తనం కాయలు ఒలిచేస్తిరే! ఇంకా వానే పడలేదు, ఇప్పుడే ఒలిచి పెట్టుకుంటే యాడ మొలుస్తాయి?” అని నా వీపు మీద ఒక్కటిచ్చాడు.

ఏడుస్తూనే అడిగాను. “ఆయమ్మ తిరిగొచ్చిందా అవ్వా?”

“నాకేం తెలుసు పాపా? నేనేమన్నా ఆడుండి చూసినానా?”

దెబ్బ తిన్నా ముగింపు దక్కలేదు! ఇన్నేళ్లలో ఆ కోడలిని ఎన్నిసార్లు ఇంటికి తెచ్చానో, ఎన్నిసార్లు వెళ్లిపోనిచ్చానో.

ఆ బాధ నా కూతురికి ఎందుకని, నిన్న అదే కథ చెప్పి, కోడలు తిరిగొచ్చిందని ముగించేశాను.

“ఓహో” అని అది ఫోన్ అందుకుంది.