రెండో మోత

మా లోయలో మొణ్ణప్పను ఎరగని మనిషి లేడు. బెంగళూరులో కూడా ఉండరేమో. దేచమ్మ హోంస్టేకి వచ్చి వెళ్లినవాళ్లంతా ఈత కొలను గురించి ఒక ముక్క, నూనె మర్దన గురించి ఒక ముక్క రాసి, మొణ్ణప్ప అంకుల్ గురించి మాత్రం పేజీలు నింపుతారు. "అంకుల్‌ని తప్పక కలవండి" అని. కలవక ఎక్కడికి పోతాడు? ఆరేళ్లుగా ఆ గేటు దాటి మడికేరి సంతకు తప్ప వెళ్లిన పాపాన పోలేదు.

నేను ఈ ఊరి బడిలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. వాళ్ల కాఫీ తోటకూ మా తోటకూ మధ్య ఒక్క మిరియాల తీగల వరసే అడ్డు. అందుకని చూసింది చూసినట్టు చెప్పగలను. నేను చేసింది కూడా చెబుతాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా.

మొణ్ణప్ప పుట్టిల్లు లోయకు అవతలి గట్టున ఉంది. ఈ గట్టు మీద నిలబడితే ఆ ఇంటి పెంకులు కనిపిస్తాయి. వరి మళ్ల మీదుగా నడిస్తే గంటన్నర దారి. ఫౌజులో ఇరవై ఏళ్లు చేసి హవల్దారుగా దిగి వచ్చినప్పుడు దేచమ్మ సంబంధం వచ్చింది. ఆమె ఒక్కతే కూతురు, ఇంటి పేరు నిలబడాలంటే ఇల్లరికమే గతి. మా కొడవ కులంలో ఇల్లరికం అంటే అత్తింట్లో తిని పడుకోవడం కాదు. పుట్టిన వంశం పేరు పుట్టింటి దీపం దగ్గర వదిలేసి భార్య వంశం పేరు పెట్టుకోవాలి. మళ్లీ ఆ దీపం ముందు హక్కుగా నిలబడడానికి ఉండదు. మొణ్ణప్ప వదిలేశాడు. వస్తూ వస్తూ తండ్రి జంట గొట్టాల తుపాకీ ఒక్కటి తెచ్చుకున్నాడు.

అన్న పూవయ్యకు అది మింగుడు పడలేదు. "పేరు వదిలినవాడు నా తమ్ముడెలా అవుతాడు" అని పద్దెనిమిదేళ్లు మాట్లాడలేదు. ఎదురుపడితే మళ్లలోకి దిగి మరీ తప్పుకునేవాడు.

ఆ తర్వాత కాఫీ గింజకు పురుగు పట్టింది. ఏనుగులు రెండేళ్లు వరసగా తోట తొక్కాయి. దేచమ్మ చేతులు కట్టుకుని కూర్చునే రకం కాదు. గింజలు ఆరబోసే కళ్లం తవ్వించి నీలం పలకల ఈత కొలను కట్టించింది. మూటలు పెట్టే కొట్టును మర్దన గది చేసింది, పక్కన ఆవిరి పెట్టె. ఆమె చేసింది తప్పని నేననను. ఆ ఇల్లు నిలబడింది అందువల్లే. కాకపోతే ఆ ఇంటి పని మొత్తం ఒక మనిషి మెడకు చుట్టుకుంది.

పొద్దున్నే కొలనులో ఆకులు తీసి మందు కలపడం మొణ్ణప్ప పని. తువ్వాళ్లను హంసల్లా మడతపెట్టడం అతని పని. అంత పెద్ద మీసాల మనిషి మంచం మీద కూర్చుని హంస మెడ వంచుతుంటే నాకు నవ్వాగేది కాదు. అతిథుల కాళ్లకు పట్టిన జలగలు ఉప్పు వేసి విడిపించడం, వాళ్లు అరవకుండా కబుర్లు చెప్పడం అతని పనే. సాయంత్రం నాలుగింటికి మా మగవాళ్లు పండగలకు వేసుకునే పొడుగు కోటు, నల్ల కుప్య తొడుక్కుని, ఎర్ర పట్టు నడికట్టు బిగించి, వెండి పిడి బాకు దోపుకుని కొలను గట్టున నిలబడాలి. "మా పూర్వీకులు" అని మొదలుపెట్టి భార్య పూర్వీకుల గొప్పలు చెప్పాలి. చివర్లో తుపాకీ.

"మా దగ్గర మగపిల్లాడు పుడితే ఒక మోత. మనిషి పోతే వెంటవెంటనే రెండు మోతలు. విన్నవాళ్లు చేతిలో పని వదిలేసి రావాలి" అని చెప్పి, ఆకాశంలోకి ఒక్కసారి పేల్చేవాడు. అతిథులు చప్పట్లు కొట్టేవారు. రెండోది కూడా పేల్చమని ప్రతి బృందంలోనూ ఎవరో ఒకరు అడిగేవారు. అతను నవ్వి తుపాకీ భుజాన వేసుకునేవాడు. మా లోయకు అలవాటైపోయింది. నాలుగింటికి ఒక్క మోత వినిపిస్తే, "దేచమ్మ ఇంట్లో మళ్లీ మగపిల్లాడు" అని నవ్వుకుని కాఫీ పెట్టుకునేవాళ్లం.

ఆ కొలనులోకి మాత్రం అతను ఒక్కసారీ దిగలేదు. అతిథులు డబ్బిచ్చి వచ్చే చోట ఇంటివాళ్లు ఈదితే బాగుండదని దేచమ్మ మాట.

పోయిన వానలు వెనకబట్టాక పూవయ్యకు జబ్బు ముదిరింది. కాలేయం. మైసూరు డాక్టర్లు ఇంటికి తీసుకెళ్లమన్నారు. అప్పుడు పూవయ్య భార్య ముత్తవ్వ సంతలో మొణ్ణప్పను పట్టుకుంది. నేను పక్కనే వంకాయలు ఏరుతున్నాను.

"మరిదీ, మీ అన్న ఒక మాట చెప్పమన్నాడు. వచ్చి రెండు రాత్రులు ఉండి వెళ్లమన్నాడు."

"అన్నే అన్నాడా?"

"మరి నేను కల్పించానా? పద్దెనిమిదేళ్ల పంతం నోట్లోంచి ఊడిపడేసరికి నాకే ఏడుపొచ్చింది."

మొణ్ణప్ప సంచీ చేతిలోంచి జారవిడిచాడు. నారింజపళ్లు దొర్లిపోతుంటే ఏరుకోవాలని కూడా తోచలేదు అతనికి. "వస్తా వదినా. ఈ వారమే వస్తా" అన్నాడు.

ఆ వారం పెళ్లిరోజు చేసుకోవడానికి ఎవరో వచ్చారు. మరుసటి వారం కంప్యూటర్ ఆఫీసువాళ్లు. ఒకరోజు కంచె దగ్గర పట్టుకుని అడిగాను.

"ఎందుకయ్యా ఆగడం? కాళ్లు లేవా నీకు?"

"దేచుని అడిగానక్కా. మీరు లేకపోతే వాళ్లు తువ్వాళ్లు చూడ్డానికొచ్చారా అంటోంది. నిజమే కదా."

"అడగడమేంటి? చెప్పి వెళ్లిపో."

తల గోక్కున్నాడు. "ఫౌజులో అలవాటైపోయింది టీచరక్కా. సెలవు మంజూరు కాకుండా గేటు దాటాలంటే కాళ్లు రావు."

నాకు ఒళ్లు మండింది. అయినా తప్పంతా దేచమ్మదే అనలేను. గొలుసు ఆమె చేతిలో ఉన్నమాట నిజమే గానీ, మెడ వంచి ఇచ్చింది ఇతనే.

తర్వాతి ఆదివారం ఒక కుర్రకారు బృందం దిగింది. వాళ్లలో ఒకడి పుట్టినరోజు. నాలుగింటికి మొణ్ణప్ప కథ చెప్పి ఒకసారి పేల్చాడు.

"అంకుల్, ఆ రెండోది కూడా చూపించండి. వీడు చచ్చాడనుకోండి" అన్నాడొకడు పుట్టినరోజువాణ్ణి నీళ్లలోకి తోస్తూ.

"అది ఆటకు పేల్చేది కాదు బాబూ."

మర్దన గది గుమ్మంలోంచి దేచమ్మ అంది, "అంతగా అడుగుతున్నారు, రెండూ పేల్చెయ్యండి. పొద్దున్నుంచీ పందుల్ని తోలడానికి చేలల్లో టపాకాయలు పేలుస్తూనే ఉన్నారు. ఈ రోజుల్లో ఎవరు లెక్కపెడుతున్నారు?"

మొణ్ణప్ప ఆమె వైపు చూశాడు, కొలను వైపు చూశాడు. తుపాకీలో మళ్లీ మందు నింపి వెంటవెంటనే రెండుసార్లు పేల్చాడు.

లెక్కపెట్టేవాళ్లు లెక్కపెట్టారు. అరగంటలో లోయ లోయంతా ఆ వాకిట్లో ఉంది. దేచమ్మ తల్లికి తొంభై ఒకటి, పోయింది ఆమే అయ్యుంటుందని అందరి అంచనా. నేను తెల్ల చీర కట్టుకుని, గేటు దగ్గరే రాగం అందుకుని, "అయ్యో అవ్వా, మమ్మల్ని వదిలి వెళ్లిపోయావా" అని గుండెలు బాదుకుంటూ లోపలికి పోయాను.

అరుగు మీద కుర్చీలో కూర్చుని పంది కూర నంజుకుంటూ కడంబుట్టు నూక ఉండలు తింటున్న అవ్వ తలెత్తింది. "ఎవరే టీచరూ పోయింది? నాకెవరూ చెప్పలేదేం?"

నా ఏడుపు గొంతులోనే ఉండిపోయింది. కొలనులో కుర్రాళ్లు ఫోన్లు ఎత్తి మమ్మల్ని వీడియో తీస్తున్నారు. తెల్ల బట్టల్లో నలభై మందిమి, ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాం. తిట్టేవాళ్లు తిట్టారు, నవ్వేవాళ్లు నవ్వారు. దేచమ్మ ముఖం కందగడ్డ చేసుకుని అందరికీ బెల్లం కాఫీ పోయించింది.

అప్పుడు జీపు వచ్చింది. ముందు సీట్లో పూవయ్య. పసుపు పచ్చగా మారిపోయాడు, దవడలు పీక్కుపోయాయి. ఒళ్లో మడతపెట్టిన కొత్త తెల్ల గుడ్డ. వెనక ముత్తవ్వ. మేమంతా అవ్వ కోసం వస్తే అతను మాత్రం తమ్ముడి కోసం వచ్చాడు. తండ్రి తుపాకీ మోత అతనికి తెలుసు. అది ఎవరి చేతిలో ఉంటుందో తెలుసు. రెండోసారి మోగేసరికి, ఆ చేతులే పోయాయనుకున్నాడు.

మొణ్ణప్ప జీపు దగ్గరకు పరుగెత్తాడు.

"బతికే ఉన్నావా?" అన్నాడు పూవయ్య.

"ఉన్నానన్నా."

"ఈ వేషమేంటి?"

"వచ్చినవాళ్ల కోసం."

పూవయ్య తమ్ముడి నడికట్టు వైపు చూశాడు. "నువ్వు చచ్చావనుకుని నేను లేచి వచ్చాన్రా. నేను బతికున్నానని తెలిసీ నువ్వు రాలేదు."

మొణ్ణప్ప జీపు తలుపు పట్టుకుని ఏడ్చాడు.

"సరేలే, ఎక్కు" అన్నాడు పూవయ్య. "రెండు రాత్రులే. మూడోది అడగను."

మొణ్ణప్ప ఒక కాలు జీపు మెట్టు మీద పెట్టాడు. అందరం చూస్తున్నాం. దేచమ్మ దగ్గరకొచ్చి మెల్లగా చెప్పింది, కసురుకోలేదు. "బావగారూ, ఈ పూట ఇంటినిండా జనం. జరిగినదానికి వాళ్లు ఏం రాస్తారోనని ఇప్పటికే భయంగా ఉంది. సోమవారం నేనే పంపిస్తాను. నాదీ పూచీ."

ఆ కాలు మెట్టు మీదనుంచి కిందకు దిగింది. నేనా కాలునే చూస్తున్నాను. ఇప్పటికీ కళ్ల ముందునుంచి పోదు. పూవయ్య తెల్ల గుడ్డ ఒళ్లోంచి తీసి వెనక ముత్తవ్వకు అందించి, పోనిమ్మని డ్రైవరుకు సైగ చేశాడు.

సోమవారం మైసూరునుంచి డాక్టర్ల బృందం ఇల్లు మొత్తం ఐదు రోజులకు తీసుకుంది. సోమవారం కాస్తా శనివారమైంది.

గురువారం నాలుగు దాటాక నేను అరుగు మీద కాఫీ తాగుతున్నాను. రెండు మోతలు వినిపించాయి. మా లోయలో శబ్దం కొండకు తగిలి తిరిగొస్తుంది, ఏ గట్టుదో ఒక్కోసారి పోల్చుకోలేం. అయినా చెవి పెట్టి వినుంటే తెలిసేది. నేను వినలేదు. "దేచమ్మకు బుద్ధి రాలేదు, మళ్లీ మొదలెట్టింది" అన్నాను మా ఆయనతో. కాసేపటికి మళ్లీ రెండు. "సిగ్గులేని మనుషులు" అని లోపలికి వెళ్లి రెండో గ్లాసు పోసుకున్నాను. లోయలో ప్రతి ఇంట్లోనూ అదే మాట అనుకున్నారని తర్వాత తెలిసింది.

కొలనులో ఉన్న డాక్టర్లు తలలెత్తారట. "అంకుల్, రెండు కదా? అవతల కూడా మీ మనుషుల్నే పెట్టారా?" అని మెచ్చుకుంటూ చప్పట్లు కొట్టారట. మొణ్ణప్ప హంసల పళ్లెం గట్టు మీద దించాడు. ఎవరినీ అడగలేదు. నల్ల కుప్యలోనే గేటు దాటి మళ్లలోకి దిగిపోయాడు.

చీకటి పడ్డాక మా గేటు దగ్గర నిలబడ్డాడు. మోకాళ్లదాకా బురద.

"టీచరక్కా, అన్న పోయాడు. ఈసారి నిజమే."

కడగడానికి తీసిన ఆ గ్లాసే నా చేతిలో ఉంది. "విన్నాను" అనలేను, "వినలేదు" అనలేను.

"అక్కడ వదినా, జీపు డ్రైవరూ తప్ప ఎవరూ లేరు. నాలుగుసార్లు పేల్పించిందట. ఒక్కరూ రాలేదు. మోయడానికి మనుషులు కావాలి" అని చెప్పి పక్కింటికి వెళ్లాడు. అలా పదిహేడు గడపలు ఎక్కాడు. ప్రతి గడప దగ్గరా అదే మాట చెప్పుకున్నాడు, ఈసారి నిజమే అని.

మర్నాడు పొద్దున్న దహనం. పూవయ్యకు కొడుకులు లేరు. పేరు మార్చుకున్నవాడికి నిప్పు పెట్టే హక్కు లేదు గనుక దాయాది కొడుకు పెట్టాడు. తమ్ముడి కోసం కొన్న తెల్ల గుడ్డే అన్న మీద కప్పారు. మొణ్ణప్ప తన అన్నదే తెల్ల పంచె ఒకటి అడిగి కట్టుకుని, అందరికంటే వెనక నిలబడ్డాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. క్షమించమని అడగాలనుకున్నాను. అడగలేదు.

తిరిగొచ్చేటప్పుడు అతని వెంట నేనూ ఉన్నాను. చావు ఇంటినుంచి వచ్చినవాళ్లు స్నానం చెయ్యకుండా గడప తొక్కకూడదు. దేచమ్మ తువ్వాలు పట్టుకుని బయటి కుళాయి దగ్గర ఎదురుచూస్తోంది. కళ్లు ఏడ్చినట్టే ఉన్నాయి. మొణ్ణప్ప ఆమెను దాటాడు, కుళాయిని దాటాడు, నేరుగా కొలను మెట్లు దిగాడు. చితి బూడిద అంటిన అన్న పంచెతోనే గొంతుదాకా వెళ్లి మూడు మునకలు వేశాడు. డాక్టర్లు ఒక్కొక్కరే గట్టెక్కారు. అతను మునకలు అయ్యాక కూడా బయటికి రాలేదు. తన చేత్తో ఆరేళ్లు శుభ్రం చేసిన నీళ్లలో చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

చివరికి దేచమ్మే అంది. "చావు స్నానం నీళ్లు. మొత్తం తోడెయ్యాలి."

"తోడేస్తాను."

"మళ్లీ నిండడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"రెండు రోజులు."

దేచమ్మ తువ్వాలు గట్టు మీద పెట్టింది. "అయితే రెండు రోజులు ఎవరినీ రానివ్వను. మీరు వెళ్లి ఉండి రండి."

సాయంత్రానికి కొలను ఖాళీ చేసి, పలకలు రుద్ది, పైపు వదిలాడు. తర్వాత ఒక చొక్కా సంచీలో పెట్టుకుని వరి మళ్ల మీదుగా అన్న ఇంటికి నడిచాడు. అక్కడ రెండు రాత్రులు ఉన్నాడు.