చలికాలపు తిట్లు

చలికాలంలో పొద్దున్నే నా వేళ్లు తెరుచుకోవు. కీళ్లవాతం పట్టుకుని చాలా ఏళ్లయింది. మాత్రలు మింగుతూనే ఉన్నాను, ఎండాకాలం ఎలాగో గడిచిపోతుంది. కార్తీకం దాటి చలి ముదిరిందా, నిద్ర లేచేసరికి రెండు చేతులూ కోడికాళ్లలా ముడుచుకుని ఉంటాయి. దువ్వెన పట్టుకోలేను, గ్లాసెత్తలేను, జాకెట్ హుక్కు పెట్టుకోలేను. ఒళ్లు మండిపోతుంది. ఎవరి మీద అరవాలో తెలియక గోడను తన్నిన రోజులూ ఉన్నాయి.

ఆ చేతుల్ని రోజూ తెరిచేది మా ఆయన. పురానాపూల్ దగ్గర గల్లీలో మా ఇల్లు, ఇంటి వెనకే బర్రెల తబేలా. ఆయన పాలు పిండి, క్యాన్లు సర్ది, పేడ వాసనతోనే వచ్చి నా ముందు కూర్చుంటాడు. పెనం మీద ఉప్పు మూట వేడి చేసి కాపడం పెడతాడు. వేడినీళ్ల టబ్బులో నా చేతులు ముంచుతాడు. తర్వాత నువ్వుల నూనె రాసి, ఒక్కొక్క వేలూ పట్టి వెనక్కి వంచుతాడు. ప్రాణం విలవిల్లాడుతుంది. నేనేమో నోరు మూసుకునే రకం కాదు. "నీ పాడె గట్ట! నీ చేతులిరగ! సంపుతున్నడమ్మో నన్ను!" అని గల్లీ లేచేలా అరుస్తాను. కాళ్లతో తంతాను. ఒకసారి టబ్బునే ఆయన మీదికి తన్నాను. ఆయన ఆ వేలు వదిలి, తర్వాతి వేలు పట్టుకుంటాడు.

గల్లీవాళ్లకు ఈ లొల్లి అలవాటే. మొఘల్‌పురాలో ఉండే మా తమ్ముడికే తెలియదు, వాడెప్పుడొచ్చినా సాయంత్రం పూటే. ఆ రోజు పొద్దున్నే వాడు సరుకు కోసం ఉస్మాన్‌గంజ్ పోతూ, చాయ్ తాగిపోదామని మా ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి నా కేకలు వినిపించాయి.

ఒక్క తన్నుకు తలుపు గడియ ఊడిపోయింది. వాడు వచ్చీ రావడంతోనే మా ఆయన జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లి రక్తం నూనె గిన్నెలో పడింది. "మా అక్క మీద చెయ్యేస్తవారా!" అంటూ కడుపులో గుద్దాడు. మా ఆయన చెప్పడానికి నోరు తెరిస్తే ఆ నోటి మీదే ఇంకో దెబ్బ పడింది. ఆగరా అంటే వాడు వినడం లేదు. వాడి వీపు మీద ఒక్కటి గుద్దాను. పిడికిలి ఎలాగూ బిగుసుకునే ఉంది, కానీ ఆ దెబ్బకు నా చెయ్యే పగిలినట్టయి కళ్లు బైర్లు కమ్మాయి. ఇక లాభం లేదని వాడి జబ్బ పట్టి రక్తం వచ్చేలా కొరికాను.

"నీ కోసమే కదనే కొడుతున్న!" అని బొబ్బ పెట్టాడు.

"నోర్ముయ్‌రా దున్నపోతా! నా ఏళ్లు తెరుస్తున్నడురా మీ బావ. సూడు!"

చెయ్యి వాడి మొహం ముందు పెట్టాను. రెండు వేళ్లు తెరుచుకున్నాయి, మిగతావి ముడుచుకునే ఉన్నాయి. వాడు వాటిని చూశాడు, మా ఆయన మూతి చూశాడు. "నాకేం ఎరుక బావా..." అంటూ అక్కడే కూలబడి ఏడ్చాడు. మా ఆయన రక్తం ఉమ్మేసి తబేలాలోకి వెళ్లిపోయాడు.

మిగిలిన వేళ్లు ఆ రోజంతా తెరుచుకోలేదు. రేపు ఈ మనిషి నా చెయ్యి పట్టకపోతే నా గతేంటి? ఇన్ని తిట్లు తిని, పైగా తన్నులు కూడా తిని, ఏ మగాడు మళ్లీ వస్తాడు?

మర్నాడు వచ్చాడు. మూతి వాచిపోయి ఉంది. ఈసారి చచ్చినా అరవకూడదని నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన చిటికెన వేలు పట్టి వంచాడు. కళ్లల్లోంచి నీళ్లు కారిపోతున్నా నేను కిక్కురుమనలేదు. ఆయన ఇంకొంచెం వంచబోయి, ఆగి, వేలు వదిలేశాడు. నా నోట్లోంచి కొంగు లాగేశాడు.

"తిట్టవేందే?"

"నా నోటి వల్లనే కదా తన్నులు తిన్నవు."

"తింటే తిన్న. బర్రెకు నొప్పయితే తంతది, నేను ఆపుత. నువ్వు గిట్ల మూసుకుంటే ఏడ ఆపాల్నో నాకెట్ల తెలుస్తది?" అన్నాడు. వాచిన పెదవితో మాట సరిగా రావడం లేదు. "నువ్వు సప్పుడు జెయ్యకుంటే నాకు చేతులాడవు. తిట్టు."